చివరి అంకె రెండు

గోరీ రాయి మీద కప్పిన తెల్లగుడ్డ కొసను గాలి ఎత్తినప్పుడు మహీన్‌కు ముందుగా కనిపించింది చివరి అంకె. రెండు. కొత్త రాతి మీద ఎండ పడి కళ్ళు చెదిరాయేమో అనుకుంది. శుక్లాల ఆపరేషన్ అయిన దగ్గరనుంచి ఎడమకన్ను నిలువుగీతలను వంకరగా చూపిస్తోంది, ఒకటిని రెండుగా చూపించడం దానికి పెద్ద పనేమీ కాదు. మడతకుర్చీలోంచి లేవకుండానే ముందుకు వంగి, గుడ్డ ఎగరకుండా పెట్టిన గులకరాయి తీసి, కొసను ఇంకాస్త పక్కకు లాగింది. రెండే. లోతుగా, నల్లరంగు నింపి, ముచ్చటగా చెక్కిన రెండు. ప్రధాన సంఖ్యలు ఎన్ని ఉన్నా, ఎంత పొడుగువైనా, ఒంటరిగా నిలబడ్డ ఆ చిన్న రెండును తప్పిస్తే ఏదీ రెండుతో ముగియదు. ముగిసిందంటే సగానికి సగం చీలిపోతుంది, ఇక ప్రధానం కాదు. ఇది బడిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. ఇంకో గంటలో, నలభయ్యో రోజు ప్రార్థనకు, యూనివర్సిటీ బస్సు వస్తుంది. దాన్నిండా లెక్కల మనుషులు.

గుడ్డంతా తీసి చూడాలనిపించలేదు. కింద చెయ్యి పెట్టి, ఎడమ చివరనుంచి వేలితో తడుముతూ పోయింది. 9516932130098433052. ఒక్క అంకె పోలేదు, ఒక్కటి ఎక్కువ రాలేదు. అందరూ వచ్చారు, ఎవరి కుర్చీలో వాళ్ళు కూచోలేదు, అంతే. ఎలా జరిగిందో అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఈ దేశంలో ఫోన్ నంబర్లు మెసేజీలో పంపుకున్న ప్రతివాళ్ళకూ ఒకసారైనా జరిగేదే. ఇక్కడి రాతలో మాట కుడినుంచి ఎడమకు నడుస్తుంది, అంకె ఎడమనుంచి కుడికి. మధ్యలో ఖాళీలు వదిలి అంకెలు కొడితే ఫోను ఒక్కో గుంపునూ ఒక్కో మాట అనుకుని కుడివైపునుంచి పేర్చుకుంటూ పోతుంది. రాయి చెక్కే హష్మత్‌కు ఆమె పంపింది 2 305 843 009 213 693 951. గుంపులుగా ఉంటే పొరబడడని, తన తెలివే. పంపేముందు ఒకసారి చూసుకుంది కూడా. కాని ఆ సంఖ్య నోటికొచ్చిన మనిషి కన్ను తెర మీద రెండును వెతుక్కుంది, అది కుడి చివర దొరికితే అక్కణ్ణుంచి ఎడమకు చదువుకుంటూ పోయి, అంతా సరిగ్గానే ఉందని చెప్పింది. తెలిసిన కంటికి తప్పు కనబడదు. హష్మత్‌కు తెలియదు, ఉన్నదున్నట్టు చెక్కాడు, అందం కోసం మధ్య ఖాళీలు కూడా తీసేశాడు.

"ఏంటమ్మాయ్ ఆ తవ్వడం? జనం వచ్చాకే తీద్దామన్నావుగా," అంది తూరాన్. పోయిన ఇస్ఫందియార్‌కు అక్క, మహీన్‌కు ఆడపడుచు. పక్క గోరీ గట్టు మీద కూచుని హల్వా పళ్ళాల మీద దాల్చినపొడితో గీతలు పెడుతోంది.

"అంకెలు చూస్తున్నా వదినగారూ."

"చూడ్డానికేముంది, కారు నంబరు ప్లేటు! మా నాన్న గోరీ మీద పద్యం, మా అమ్మ గోరీ మీద పద్యం, ఆఖరికి మా వీధి కసాయి జబ్బార్ లేడూ, వాడి గోరీ మీద కూడా రెండు పాదాలున్నాయి. మా తమ్ముడికేమో నంబరు. దేవుడు ఫోన్ చేస్తాడనుకున్నాడో ఏమో!"

"ఆయన అడిగింది ఇదొక్కటే కదా."

"అడుగుతాడు, వాడికేం! లేచొచ్చి జవాబు చెప్పాలా? ఇక్కడ కూచుని జనంతో అనిపించుకునేది మనం."

ఇదొక్కటే అడిగాడు, అది నిజం. ఆసుపత్రిలో గొట్టాల మధ్యనుంచి, నర్సు చేతిలో కలం లాక్కోబోయి, అది చేతికి పట్టక, నోటితోనే చెప్పాడు. పేరు, పేరు కింద సంఖ్య, ఇంకేమీ వద్దు, పద్యం అసలే వద్దు. సంఖ్య ఏదో చెప్పలేదు. చెప్పనక్కర లేదని ఆయనకు తెలుసు. పెళ్ళయిన వారానికి, జాయందే నదిలో ఇంకా నీళ్ళున్న రోజుల్లో, పాత వంతెన కమాను కింద కూచున్నప్పుడు చెప్పాడు ఆ సంఖ్య మొదటిసారి. పక్క కమాను కింద ఎవరో కొత్త జంట, అతను పాడుతున్నాడు, ఆమె గాజులు సర్దుకుంటోంది. ఇస్ఫందియార్ జేబులోంచి వేయించిన పుచ్చగింజలు తీసి రాతి మీద పేర్చాడు. చదరంగం పలక మొదటి గడిలో ఒక గింజ, రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో నాలుగు, అలా నోటిలెక్కతో రెట్టింపు చేసుకుంటూ అరవయ్యొకటో గడి దగ్గర ఆగిపోయి, అన్ని గింజలూ కూడితే ఎంతో తెలుసా అన్నాడు. ఎంత అని ఆమె అడగకముందే చెప్పాడు. ఆ కుప్పను ఎవ్వరూ సమంగా పంచుకోలేరు మహీన్, ఏడుగురొచ్చినా, పదముగ్గురొచ్చినా, లోకంలో జనమంతా వచ్చినా కొన్ని గింజలు మిగిలిపోతాయి. అదే ఇంకో మూడు గడులు నింపి పలక పూర్తి చేశావనుకో, ముగ్గురొస్తే ముగ్గురికి, అయిదుగురొస్తే అయిదుగురికి, ముక్కలు ముక్కలైపోతుంది. చూశావా, పలక నిండితే చెడుతుంది. ఆమె ఆ పంతొమ్మిది అంకెలను తడుముకోకుండా తిరిగి అప్పజెప్పింది. ఆయన ఆమె వైపు మొదటిసారి అప్పుడు చూశాడు. పెళ్ళిలో అద్దం పెట్టి చూపించినప్పుడు చూసింది అద్దాన్ని. ఇంకోసారి చెప్పు, అన్నాడు. చెప్పింది. పక్క కమాను కింద పాట అయిపోయింది. తనకు పెళ్ళిలో చదివిన పద్యం అదే అని మహీన్ తరవాతెప్పుడో అనుకుంది, బాధగా కాదు, వాన వచ్చిందనో రాలేదనో అనుకున్నట్టు.

ఆ సంఖ్య మీద ఆయనకంత పట్టుదల ఎందుకో కూడా ఆమెకు తెలుసు. పాతకాలంలో ఒక ఫ్రెంచి సన్యాసి ఇలాంటివాటి జాబితా రాస్తూ దీన్ని వదిలేశాడు. రెండు శతాబ్దాలు దాటాక ఎక్కడో రష్యాలో ఒక పాదిరి కూచుని, ఇది ప్రధానమేనని తేల్చాడు. అన్నేళ్ళూ అది ప్రధానంగానే ఉంది, ఎవరూ చెప్పకపోయినా, జాబితాలో లేకపోయినా. ఈ మాట దగ్గర ఇస్ఫందియార్ గొంతు ఎప్పుడూ కొంచెం మారేది. క్లాసులో ఏటా ఇంకోటి కూడా చెప్పేవాడు. ఇలాంటి సంఖ్య ఒంటరిగా ఉన్నంతసేపూ ఎవరికీ లొంగదు గాని, రెండును అరవైసార్లు వేసి గుణించగా వచ్చినదాన్ని దానికి జత చేస్తే, ఆ లబ్ధం పరిపూర్ణ సంఖ్య అవుతుంది, దాని భాగాలన్నీ కూడితే మళ్ళీ అదే వస్తుంది. ఒకసారి ఆయన మరిచిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి వెళ్ళి తలుపు దగ్గర నిలబడి చూసింది, బోర్డు మీద ప్రధాన సంఖ్యను ఇంతింత అంకెలతో రాసి, పక్కన రెండ్లను చిన్నగా, నలిగిపోయేట్టు రాశాడు. పిల్లలందరూ పెద్దదాని గురించే అడిగారు. రెండ్ల గురించి ఎవరడుగుతారు, అవి ఎప్పుడూ ఉండేవే.

మహీన్ కూడా లెక్కల్లోనే డిగ్రీ చేసింది, షీరాజ్‌లో. ఆడపిల్లల బడిలో ఉద్యోగం వచ్చినప్పుడు ఆయన కోప్పడలేదు, వద్దనలేదు, ఒక ఇంటికి ఒక లెక్కల మనిషి చాలు అన్నాడు, సిద్ధాంతం చెప్పినట్టు. సిద్ధాంతాన్ని కాదనాలంటే రుజువు కావాలి, అప్పటికి ఆమె దగ్గర లేదు. పిల్లలు పుట్టలేదు. చదువుకునే గది తలుపు మూసి ఉండేది, బయట చిన్న బల్ల మీద టీ పెట్టి వెళ్ళేది, ఖాళీ గ్లాసు మళ్ళీ ఆ బల్ల మీదే కనబడేది. మంచి మనిషి, చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. తనతోనూ ఒకటితోనూ తప్ప దేనితోనూ పోని మనిషి. కొత్తిమీర, మెంతికూర కట్టలు విప్పి పుల్లలు ఏరుతూ ఆమె అంకెలు విరిచేది. బస్సు నంబరు, గ్యాసుబండ మీద నంబరు, ఏది కనబడితే అది. కుడినుంచి మూడేసి అంకెలు తీసుకుని, ఒక గుంపు కూడి, ఒక గుంపు తీసేసి, చివరికి మిగిలినదాన్ని చూస్తే, శేషం లేకుండా ఏడు పోతుందా, పదకొండు పోతుందా, పదమూడు పోతుందా ఒక్కసారే తెలిసిపోతుంది. కూర ఏరడం అయ్యేసరికి రెండు మూడు నంబర్లు విరిగిపోయేవి. ఎవరికీ చెప్పాల్సిన పని కాదు కనుక ఎవరికీ చెప్పలేదు.

గాలి మళ్ళీ గుడ్డను ఎత్తింది. హష్మత్ వ్యాను నీడలో కూచుని చక్కెర ముక్క పళ్ళ మధ్య పెట్టుకుని టీ తాగుతున్నాడు. పొద్దున్నే రాయి దించి సమం చేసింది అతనే.

"ఉస్తా హష్మత్, ఓసారిలా రా."

"రాయి కదులుతోందా ఖానుమ్?"

"రాయి బాగుంది. అంకెలు తిరగబడ్డాయి."

అతను గ్లాసు పక్కన పెట్టి, ఫోను తీసి, రాయి పక్కన గొంతుక్కూచుని, ఒక్కో అంకె దగ్గరా వేలు పెట్టి సరిచూసుకున్నాడు. "ఉన్నదున్నట్టు కొట్టానండీ. మా ఆవిడ చదువుతుంటే కొట్టాను, ఒక్కటి పోలేదు."

"పోలేదు. తప్పు నీది కాదు, పంపింది నేను."

అతనికి అప్పుడు వెలిగింది, నుదురు కొట్టుకున్నాడు. "అయ్యో, ఈ ఫోను తగలడ! మా బావమరిది పెళ్ళిపత్రికలో ఇలాగే అయిందండీ. దారి అడుగుదామని చుట్టాలందరూ ఫోన్ చేస్తే, ఎవడో బొద్దింకల మందు కొట్టేవాడు ఎత్తాడు. సగంమంది ఇళ్ళకు మందు కూడా కొట్టించుకున్నారు." తూరాన్ కిసుక్కున నవ్వి, చోటు గుర్తొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హష్మత్ తల గోక్కున్నాడు. "ఇంకో రాయి అంటే నెల పడుతుంది ఖానుమ్, ఈ రంగు మళ్ళీ గనిలోంచి రావాలి. ఇంతకీ మీ ఇబ్బంది ఎక్కడ? చివర సరిసంఖ్య వచ్చిందనేగా? మా వాడు బళ్ళో చదివేవాడు, బేసి ఉండాలంటాడు, అదేనా?"

"అదే."

"అయితే మరేం లేదు. మన రాతలో రెండుకూ మూడుకూ తేడా ఒక్క పన్ను, దువ్వెన పన్నులాంటి చిన్న గీత. పైన ఒక్క పన్ను ఎక్కువ పెడితే మూడైపోతుంది. బస్సు దిగేలోపు కొట్టేస్తాను, రంగు కూడా ఆరిపోతుంది."

"కొట్టెయ్ నాయనా, కొట్టెయ్," అంది తూరాన్. "ఎవడు లెక్కపెడతాడు!"

"వచ్చేవాళ్ళందరూ ఆ పని చేసేవాళ్ళే వదినగారూ," అంది మహీన్. హష్మత్ అప్పటికే ఉలి తీశాడు. నిజానికి ఎంత సులువు. వచ్చేవాళ్ళలో ఆ సంఖ్య అంకె అంకె తెలిసినవాడు ఆయన పాత శిష్యుడు కియూమర్స్ ఒక్కడే, మిగతావాళ్ళు చివర చూస్తారు, మూడు కనబడితే తలాడిస్తారు. రేపణ్ణుంచి ఎవరూ చూడరు. ఆయన అడిగిన ఒక్కటీ జరిగినట్టే ఉంటుంది, ఆమె చేసిన తప్పు రాతిలో కలిసిపోతుంది. అనుకుంటూనే ఉంది, చేతిలో కూరకట్ట లేకపోయినా వేళ్ళు కదులుతున్నాయి. చివర మూడు పెడితే, యాభైమూడు, తొంభైఎనిమిది, తొమ్మిదివందల ముప్ఫైరెండు, తొమ్మిది, ఇవి ఒకవైపు. నాలుగువందల ముప్ఫైమూడు, నూటముప్ఫై, అయిదువందల పదహారు, ఇవి రెండోవైపు. ఇటు వెయ్యిన్నీ తొంభైరెండు. అటు వెయ్యిన్నీ డెబ్బైతొమ్మిది. మళ్ళీ ఒకసారి చూసుకుంది.

"వద్దు ఉస్తా," అంది. "పదమూడు పోతుంది."

హష్మత్ ఉలి గాల్లోనే ఆపి తూరాన్ వైపు చూశాడు. తూరాన్ చెయ్యి తిప్పి, ఈ ఇంట్లో అంతే నాయనా అన్నట్టు సైగ చేసింది.

పదమూడు. మహీన్‌కు ఆ రోజు మొదటిసారి పెదవి కొస కదిలింది. కియూమర్స్ అప్పుడు ఇరవై ఏళ్ళవాడు, మీసం సరిగా రాలేదు, గదికి టెలిఫోన్ పెట్టించుకున్నానని గురువుగారికి చెప్పడానికి గజ్ మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చాడు, అతనితో ఇంకో నలుగురు. 218387, ఉస్తాద్, ప్రధాన సంఖ్యేనా? ఇస్ఫందియార్ కళ్ళు మూసుకుని తెరిచి, అవును, అదృష్టవంతుడివి, అన్నాడు. మహీన్ టీ గ్లాసులు దించుతోంది. మూడువందల ఎనభైఏడులోంచి రెండువందల పద్దెనిమిది పోతే నూట అరవైతొమ్మిది, పదమూడు పదమూళ్ళు. నోట్లోంచి వచ్చేసింది: పదమూడు పోతుంది. కియూమర్స్ కాగితం మీద భాగించి చూసి తలెత్తలేదు. ఇస్ఫందియార్ ఏమీ అనలేదు, ఆ రోజూ అనలేదు, మర్నాడూ అనలేదు. మూడోనాడు సాయంత్రం వంటింటి గడప దాకా వచ్చి, లోపలికి రాకుండా, అదే గజ్ పెట్టె, విప్పనిది, మెంతికూర పక్కన పెట్టి వెళ్ళాడు. ఆ తరవాత ఎప్పుడైనా, నెలకో రెండు నెలలకో, మూసిన తలుపు వెనకనుంచి ఒక సంఖ్య వినబడేది, ఎవరినీ పిలవకుండా, గోడకు చెప్పినట్టు. ఆమె పొయ్యి దగ్గరనుంచే జవాబిచ్చేది. ఏడు. లేదా, పంతొమ్మిది. లేదా, నాకు దొరకలేదు. నాకు దొరకలేదు అన్నప్పుడు లోపల కుర్చీ కిర్రుమనేది, మనిషి వెనక్కు వాలినట్టు. వాళ్ళిద్దరి సంసారంలో మాటలంటే అవే. ఆసుపత్రిలో ఆఖరిరోజు కూడా అడిగాడు, అంకెలు తడబడ్డాయి, మధ్యలో రెండంకెలు జారిపోయినట్టున్నాయి, ఆమె మాత్రం, నాకు దొరకలేదు, అంది. అది అబద్ధం. మూడు పోతుంది. ఆయన వెనక్కు వాలాడు.

దూరంగా గేటు దగ్గర దుమ్ము లేచింది. ఇంకా అది పూల వ్యానే. ఆమె రాయి వైపు చూసింది. పైసగం నిండింది, ఆయన పేరు, ఆ కింద అంకెలు. కిందిసగం నున్నగా, ఖాళీగా, ఆకాశం కనబడేంత మెరుగుతో ఉంది. ఈ స్థలం ఆయనే కొన్నాడు, ఏడేళ్ళ కింద, కాగితాలు తెచ్చి టీ బల్ల మీద పెట్టి చెప్పాడు: రెండంతస్తులది తీసుకున్నాను. ఎవరు ముందొస్తే వాళ్ళు కింద, రెండోవాళ్ళు పైన. ఆమెను లెక్కలో వేసుకుని ఆయన చేసిన పని జీవితంలో అదొక్కటేనేమో. రెండోవాళ్ళను ఖననం చేసేటప్పుడు ఎలాగూ రాయి లేపి, పైపేరు కింద ఇంకో పేరు చెక్కి మళ్ళీ దించుతారు, ఇక్కడ అందరికీ అలాగే చేస్తారు. మహీన్ ఎడమనుంచి సగం చెయ్యడం మొదలుపెట్టింది, పని లేక, బస్సు వచ్చేదాకా. తొమ్మిదిలో నాలుగు, ఒకటి మిగిలింది, పదిహేనులో ఏడు, ఒకటి మిగిలింది, పదకొండులో అయిదు, పదహారులో ఎనిమిది, ఏమీ మిగల్లేదు. మిగిలినదాన్ని చేతికి తీసుకుని, తరవాతిదానికి అందించి, అలా పంతొమ్మిది గడపలూ దాటి చివర పన్నెండు దగ్గరికొచ్చింది. పన్నెండులో ఆరు. 4758466065049216526. ఇటు ఇంత, అటు ఇంత. శేషం లేదు. గింజ కూడా మిగల్లేదు. నలభై ఏళ్ళలో ఇంత శుభ్రంగా తెగిన లెక్క ఆమె చూడలేదు.

బస్సు వచ్చింది. దిగినవాళ్ళలో ముందు కియూమర్స్, ఇప్పుడు డాక్టర్ కియూమర్స్, మీసం కూడా నెరిసింది, కోటు జేబులోంచి ప్రసంగం కాగితం కనబడుతోంది. ఆ సంఖ్య గురించే మాట్లాడతానని వారం ముందే చెప్పాడు. మహీన్ ఆపలేదు. ఆనవాయితీ ప్రకారం అతనే వంగి గుడ్డ తీశాడు. పెదవులతో చదువుకుంటూ వెళ్ళి మొదటి అంకె దగ్గరే తడబడ్డాడు, చివరి అంకె దగ్గర ఆగిపోయాడు. వెనక ఎవరో గొణిగారు. అతను ఆమె దగ్గరికొచ్చి చెవిలో చెప్పినట్టు అన్నాడు:

"ఖానుమ్, చివర…"

"రెండుంది. చూశాను."

"ఏ గాడిద చేశాడండీ ఇది? ఎక్కడున్నాడు వాడు?"

"నేనే. ఫోన్లో ఖాళీలు పెట్టి పంపాను."

కియూమర్స్ రాయి వైపు, ఆమె వైపు చూసి, గొంతు ఇంకా తగ్గించాడు. "పోనీ ఒక్క పన్ను పెట్టించి మూడు చేయిస్తే… ఈ పూటకి…"

"పదమూడు పోతుంది."

అతను నోరు తెరిచాడు. ముఖంలో ఏళ్ళు ఒక్కొక్కటే వెనక్కు నడిచి, మీసం లేని రోజు దాకా వెళ్ళి ఆగాయి. "నా టెలిఫోన్!" అని, ఆపుకోలేక, గోరీ పక్కన నిలబడి గట్టిగా నవ్వేశాడు.

"సిగ్గులేకపోతే సరి, నలభయ్యో రోజున!" అంది తూరాన్. "పెద్ద డాక్టరట."

అతను కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వుకో, మరిదేనికో. "రాయి మార్పిద్దాం ఖానుమ్. ఖర్చు మా డిపార్ట్‌మెంటుది. ఉస్తాద్ సరిసంఖ్య కింద పడుకోలేరు."

"పడుకుంటారు," అంది మహీన్. "నేను వచ్చినప్పుడు ఎలాగూ ఈ రాయి లేపుతారు. నా పేరు చెక్కించేది నువ్వే కదా, అప్పుడు సరిచేయించు. ఖాళీలు లేకుండా పంపు." పన్నీరు సీసా అందుకుని, "అప్పటిదాకా ఆ రెండు ఉండనీ," అంది.

కియూమర్స్ జేబులోంచి కాగితం తీసి, చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. వచ్చినవాళ్ళు చుట్టూ నిలబడి ఫాతిహా మొదలుపెట్టారు. మహీన్ పన్నీరు సీసా మూత తీసి ఎడమ చివరనుంచి పోసింది. పన్నీరు తొమ్మిదిని నింపి, అయిదును నింపి, ఒక్కో అంకె తరవాతిదానికి అందించుకుంటూ కుడికి నడిచి, రెండు దగ్గర కాసేపు నిలిచింది. ఆ పైన పొర్లి, ఏమీ చెక్కని కిందిసగం మీదికి పారింది.